పాత వాల్వులో ఎంత ప్రాణం మిగిలింది?

పాత రేడియోల్లో, యాంప్లిఫయర్లలో వెలిగే గాజు వాల్వుల (వాక్యూమ్ ట్యూబుల) సంగతి ఇది. ఒకే ఫ్యాక్టరీలో, ఒకే యంత్రాల మీద తయారైన రెండు వాల్వుల్లో ఒకదాని మీద మల్లార్డ్ అనీ, రెండోదాని మీద వాల్వో అనీ అచ్చయి ఉండొచ్చు. ఫిలిప్స్ చేతిలో ఉన్న ఫ్యాక్టరీలకు ఇది మామూలు పనే. సరుకు ఏ దేశానికి పోతే అక్కడ నడిచే పేరు గాజు మీద వేసేవారు. లోపలున్న క్యాథోడ్‌కూ గ్రిడ్‌కూ ఆ పేరుతో సంబంధం లేదు. ఇవాళ పాత సరుకు కొనేవాళ్లు మాత్రం ఎక్కువ డబ్బు ఆ పేరుకే పెడుతున్నారు. ఎంత పేరున్న వాల్వయినా ప్రాణం అయిపోతే అలంకారానికి తప్ప ఎందుకూ పనికిరాదు. అచ్చు చెరిగిపోయి అనామకంగా పడి ఉన్న వాల్వు బలంగా ఉంటే ఇంకా కొన్నేళ్లు పాడుతుంది. ఆ బలాన్ని కొలవడానికి ఖరీదైన టెస్టరే అక్కర్లేదు, మామూలు మల్టీమీటరుతో చాలావరకు తేలిపోతుంది. కొత్తగా సేకరణ మొదలుపెట్టేవాళ్లు బ్రాండ్ల జాబితా బట్టీ పట్టేముందు వాల్వు ఎలా అరుగుతుందో తెలుసుకోవాలి.

1904లో ఫ్లెమింగ్ రెండు ఎలక్ట్రోడ్లతో మొదలుపెట్టాడు, 1906లో లీ డి ఫారెస్ట్ మధ్యలో మూడోది చేర్చాడు. ఆ తర్వాత రూపాలు ఎన్ని మారినా సూత్రం ఒకటే. క్యాథోడ్‌ను వేడి చేస్తే ఎలక్ట్రాన్లు బయటికి వస్తాయి. ప్లేటు మీద ఉన్న ఎక్కువ వోల్టేజి వాటిని లాగుతుంది. మధ్యలో ఉన్న గ్రిడ్ ఆ ప్రవాహాన్ని అదుపు చేస్తుంది. రేడియోల్లో వాడే చిన్న వాల్వుల్లో క్యాథోడ్ అంటే సన్నటి నికెల్ గొట్టం, దాని మీద బేరియం, స్ట్రాన్షియం ఆక్సైడ్ల తెల్లటి పూత. హీటర్ దాన్ని సుమారు 750 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కిస్తుంది. నిజంగా ఎలక్ట్రాన్లను వదిలేది పూత పైభాగంలో విడిగా ఉండే కొద్దిపాటి బేరియం. అది ఆవిరైపోతూ ఉంటుంది, అడుగున ఉన్న ఆక్సైడ్ నుంచి మళ్లీ పుడుతూ ఉంటుంది. ఈ నిల్వ తరిగిపోవడమే వాల్వు ముసలితనం. ప్రమిదలో నూనె తగ్గేకొద్దీ వెలుగు తగ్గినట్టే, పూతలో బేరియం తగ్గేకొద్దీ కరెంటు తగ్గుతుంది. గాజు లోపల ఎర్రగా వెలుగుతున్నది హీటర్ మాత్రమే. హీటర్ వెలిగిందంటే అది తెగిపోలేదని అర్థం, వాల్వు బాగుందని కాదు. సంతలో అమ్మేవాళ్లు బల్బు వెలిగించి చూపించి "ఫస్ట్ క్లాస్ పీస్" అంటే నమ్మకూడదు.

హీటర్ వోల్టేజి ఎక్కువైతే బేరియం త్వరగా ఆవిరవుతుంది. మరీ తక్కువైనా మంచిది కాదు, గాజులో మిగిలిన వాయువులు చల్లబడిన పూతను పాడుచేస్తాయి. మన దేశంలో దొరికే పాత రేడియోల విషయంలో ఇది పుస్తకాల సంగతి కాదు, రోజూ ఎదురయ్యే సమస్య. అప్పట్లో ఊరికో రకం సప్లై ఉండేది కాబట్టి చాలా సెట్ల వెనుక 110, 127, 200, 220, 245 లాంటి అంకెలున్న వోల్టేజి సెలెక్టర్ ఉండేది. సెట్టును 200 దగ్గర వదిలేసి ఇవాళ్టి 240 వోల్టుల ప్లగ్గుకు పెడితే 6.3 వోల్టులు రావలసిన హీటర్‌కు 7.5 దాకా వెళ్తుంది. అంటే 20 శాతం ఎక్కువ. అటకమీద నుంచి దింపిన రేడియో నాలుగు రోజులు బ్రహ్మాండంగా పాడి తర్వాత నీరసపడిందంటే ముందు చూడాల్సింది ఆ సెలెక్టర్‌నే.

ఇక వాల్వులు మాటిమాటికీ కాలిపోతాయన్న పేరు ఒకటుంది. అది సగమే నిజం. రెండో ప్రపంచ యుద్ధకాలంలో జర్మన్ రహస్య సందేశాలు ఛేదించే కొలోసస్ యంత్రం కట్టిన టామీ ఫ్లవర్స్‌కు టెలిఫోన్ ఎక్స్ఛేంజీల అనుభవం ఉంది. వాల్వులను ఆర్పకుండా వెలుగుతూ ఉంచితే అవి నమ్మకంగా పనిచేస్తాయని ఆయన పట్టుబట్టాడు, సుమారు 1,600 వాల్వులతో తొలి యంత్రాన్ని నడిపి చూపించాడు. ముంబయిలోని టాటా పరిశోధన సంస్థలో 1960లో పని మొదలుపెట్టిన టిఫ్రాక్ కంప్యూటరులోనూ 2,700 వాల్వులుండేవి. చల్లగా ఉన్న హీటర్ నిరోధం చాలా తక్కువ. అందుకే స్విచ్ వేసిన క్షణంలో మామూలుకన్నా కొన్ని రెట్ల కరెంటు దూకుతుంది. హీటర్ తెగేది ఎక్కువగా అప్పుడే. ఇంట్లో సెట్టును పొద్దస్తమానం వెలిగించి పెట్టనక్కర్లేదు కానీ, గంటలో పదిసార్లు ఆపి వేయడం మాత్రం మానుకోవాలి.

కంటితో చూసి తెలుసుకోగలిగినవీ కొన్ని ఉన్నాయి. వాల్వు పైభాగంలోనో పక్కనో గాజు లోపల అద్దంలా మెరిసే మచ్చ ఉంటుంది. దాన్ని గెట్టర్ అంటారు. అదీ బేరియమే, లోపల మిగిలిన గాలిని పీల్చుకోవడానికి పెట్టింది. ఆ మచ్చ పాలలా తెల్లబడిందంటే గాలి చొరబడింది, ఆ వాల్వు పని అయిపోయింది. మచ్చ అంచులు గోధుమ రంగులోకి తిరిగి పలచబడితే చాలా గంటలు వాడారని అనుమానించాలి. పవర్ వాల్వు పనిచేస్తుండగా గాజు లోపలి గోడ మీద నీలం వెలుగు కనిపిస్తే కంగారు అక్కర్లేదు, ఎలక్ట్రాన్లు గాజుకు తగిలి వచ్చే వెలుగది. ఎలక్ట్రోడ్ల మధ్య ఖాళీలో గులాబీ, ఊదా రంగు పొగలా కనిపిస్తే మాత్రం వెంటనే ఆపేయాలి. అది వాయువు. ప్లేటు ఎర్రబడుతున్నా ఆపేయాల్సిందే, కారణం ఎక్కువసార్లు వాల్వులో ఉండదు, దానికి వచ్చే బయాస్‌లో, అంటే గ్రిడ్‌ను క్యాథోడ్ కన్నా నెగటివ్‌గా ఉంచే వోల్టేజిలో ఉంటుంది.

హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీ, ఎర్రగడ్డ ఆదివారం సంత, చెన్నైలో రిచీ స్ట్రీట్, బెంగళూరులో ఎస్పీ రోడ్డు తిరిగేవాళ్లకు పాత వాల్వులు ఇప్పటికీ అప్పుడప్పుడు తగులుతాయి. విడి వాల్వులుగా కన్నా విరిగిన రేడియోల్లో, మూలనపడ్డ మైక్‌సెట్ యాంప్లిఫయర్లలో దొరికేవే ఎక్కువ. చేతిలోకి తీసుకున్నాక చాలామంది చేసే మొదటి పని, దుమ్ము పట్టిందని బొటనవేలితో రుద్దడం. అదే చేయకూడదు. ఆనాటి అచ్చు గాజు మీద పొడిలా అంటుకుని ఉంటుంది, ఒక్క తుడుపుతో పేరు, నంబరు రెండూ పోతాయి. నంబరు పోయిన వాల్వును గుర్తుపట్టడం పెద్ద పని.

పోయినా ఒక దారి ఉంది. ఫిలిప్స్, మల్లార్డ్ వాల్వుల కింది భాగంలో గాజు మీద చాలా చిన్న అక్షరాలతో రెండు వరసల కోడ్ ఉంటుంది. మొదటి వరస వాల్వు రకం, రెండోది ఫ్యాక్టరీ, తేదీ. ఐ61, ఐ63 అని ఉంటే ఈసీసీ83. రెండో వరసలో బీ ఉంటే ఇంగ్లండ్‌లోని బ్లాక్‌బర్న్ ఫ్యాక్టరీ, త్రిభుజం గుర్తు ఉంటే నెదర్లాండ్స్‌లోని హీర్లెన్. తర్వాతి అంకె సంవత్సరంలో చివరి అంకె, ఆ తర్వాతి అక్షరం నెల, చివరి అంకె వారం. జర్మనీ టెలిఫంకెన్ వాల్వుల్లో కొన్నింటి అడుగున, పిన్నుల మధ్య గాజులోనే పోతపోసిన డైమండ్ గుర్తు ఉంటుంది. రంగుతో వేసిన పేరును ఎవరైనా మళ్లీ వేయగలరు, అలా వేసి అమ్మే మోసం చాలాకాలంగా నడుస్తోంది. గాజులో చెక్కిన కోడ్‌ను మార్చడం అంత తేలిక కాదు. పేరుకు ఎక్కువ డబ్బు అడిగినప్పుడు భూతద్దంతో కోడ్ చూడకుండా ఇవ్వకపోవడమే మంచిది.

నంబర్లు చదవడం వస్తే వాల్వు తన సంగతి తానే చెబుతుంది. యూరప్ పద్ధతిలో మొదటి అక్షరం హీటర్‌ది. ఈ అంటే 6.3 వోల్టులు, యూ అంటే హీటర్లన్నీ ఒకే వరసలో కలిపి నడిపే 100 మిల్లీయాంప్ సిరీస్, పీ అంటే టీవీలకు చేసిన 300 మిల్లీయాంప్ సిరీస్, డీ అంటే బ్యాటరీ సెట్లది. తర్వాతి అక్షరాలు లోపల ఏముందో చెబుతాయి. సీ మూడు ఎలక్ట్రోడ్ల ట్రయోడ్, ఎఫ్ ఐదు ఎలక్ట్రోడ్ల పెంటోడ్, ఎల్ స్పీకర్‌ను నడిపే అవుట్‌పుట్ పెంటోడ్, జడ్ ఏసీని డీసీ చేసే రెక్టిఫయర్, ఎం స్టేషన్ సరిగ్గా కుదిరిందో లేదో పచ్చటి వెలుగుతో చూపే మ్యాజిక్ ఐ. ఈసీసీ అంటే 6.3 వోల్టుల హీటర్‌తో రెండు ట్రయోడ్లు. అంకె మధ్యలోకి జరిగి ఈ88సీసీ అని ఉంటే అది ఎక్కువకాలం మన్నేలా ప్రత్యేకంగా చేసిన రకం. అమెరికా పద్ధతి వేరు, అక్కడ మొదటి అంకె హీటర్ వోల్టేజి. ఈసీసీ83నే వాళ్లు 12ఏఎక్స్7 అంటారు (దాని హీటర్‌ను 6.3 వోల్టులకైనా 12.6కైనా కలపొచ్చు), ఈఎల్84ను 6బీక్యూ5 అంటారు. బ్రిటిష్ సైన్యం కోసం తయారైన సరుకుకు సీవీ నంబర్లుండేవి. సీవీ4004 అని రాసిన అట్టపెట్టె దొరికితే అందులో ఉన్నది ఈసీసీ83 రకమే.

మన దగ్గరి సరుకుకు ఒక చరిత్ర ఉంది, దానికి దక్కాల్సిన గౌరవం ఇంకా దక్కలేదు. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైనప్పుడు తెలుగు ఇళ్లలోని రేడియోల్లో ఉన్నవి విదేశీ వాల్వులే. బెంగళూరులో 1954లో ఏర్పడిన భారత్ ఎలక్ట్రానిక్స్ (బీఈఎల్) 1961లో రేడియో వాల్వుల తయారీ మొదలుపెట్టింది. మర్ఫీ, బుష్, ఫిలిప్స్ సెట్లు బాగుచేసిన మెకానిక్కుల చేతుల్లో ఆ తర్వాత తిరిగినవి చాలావరకు బీఈఎల్ అచ్చున్న వాల్వులే. విదేశీ సేకరణకారులు వీటిని వెతికి కొంటుంటే మన దగ్గర రేడియో తుక్కుతో పాటు గాజును పగలగొట్టి పారేస్తున్నారు. ఊళ్లో మూతపడిన రేడియో రిపేరు షాపులో అరల వెనుక మిగిలిన బీఈఎల్ పెట్టెలు ఏ జర్మన్ వాల్వుకూ తీసిపోని సంపద. అట్టపెట్టె కూడా పారేయకూడదు. ఏ ఫ్యాక్టరీ ఎప్పుడు ఏం చేసిందో చెప్పే ఆధారం ఆ అట్టే.

అయితే అన్ని రకాలూ పాతవే కొనాల్సిన పని లేదు. గిటార్ యాంప్లిఫయర్ల పుణ్యమా అని వాల్వుల తయారీ ప్రపంచంలో ఎప్పుడూ పూర్తిగా ఆగలేదు. స్లొవాకియాలో జేజే, రష్యాలోని సరాటోవ్ ఫ్యాక్టరీ, చైనా ఫ్యాక్టరీలు ఈసీసీ83, ఈఎల్84, ఈఎల్34, 6ఎల్6 లాంటివి కొత్తగా చేస్తూనే వచ్చాయి. అమెరికాలో వెస్టర్న్ ఎలక్ట్రిక్ పేరుతో ఖరీదైన 300బీ ట్రయోడ్ మళ్లీ తయారవుతోంది. వాడుకోవడానికి ఈ రకాల్లో కొత్తవే తీసుకోవడం తెలివైన పని. పాతవాటిలో కనిపిస్తే వదలకూడనివి వేరే ఉన్నాయి. స్టేషన్ పట్టే ఈసీహెచ్81, యూసీహెచ్81, వాటి వెనుక వచ్చే ఈబీఎఫ్89, మ్యాజిక్ ఐ ఈఎం84. గిటార్ వాయించేవాళ్లకు వీటితో పని లేదు కాబట్టి పెద్ద ఫ్యాక్టరీలకూ వీటి మీద ఆసక్తి లేదు. తాతల రేడియో బతకాలంటే ఇవే కావాలి.

సొంతంగా సెట్టు కట్టాలనుకునేవాళ్లకు మరో మంచి దారి టీవీ వాల్వులు. పీసీఎల్86, ఈసీఎల్86 రెండూ లోపల ఒకటే. ఒక చిన్న ట్రయోడ్, ఒక అవుట్‌పుట్ పెంటోడ్ ఒకే గాజులో ఉంటాయి. తేడా హీటర్‌లోనే, ఒకదానికి 14.5 వోల్టులు, రెండోదానికి 6.3. పాత స్టీరియోల్లో వాడిన ఈసీఎల్86కు గిరాకీ ఎక్కువ, పీసీఎల్86ను అడిగేవాళ్లు తక్కువ. పీసీఎల్82, ఈసీఎల్82 సంగతీ అంతే, అక్కడ పీసీఎల్82 హీటర్ 16 వోల్టులు. ఎలాగూ ట్రాన్స్‌ఫార్మర్ చుట్టించుకోవాలి కాబట్టి 6.3 బదులు 14.5 వోల్టుల చుట్టు వేయమంటే సరిపోతుంది. రెండు పీసీఎల్86లతో చానల్‌కు సుమారు 4 వాట్ల స్టీరియో యాంప్లిఫయర్ అవుతుంది. మామూలు గదిలో కాస్త సెన్సిటివ్ స్పీకర్లతో పాటలు వినడానికి అది చాలు. 300బీ లేనిదే వాల్వు సంగీతం లేదన్న ప్రచారానికి లొంగి కొత్తగా నేర్చుకునేవాళ్లు మొదటి సెట్టుకే అంత డబ్బు పోయడం అన్యాయం.

లెక్క అర్థం కావడానికి ఈఎల్84 అన్నిటికన్నా మంచి గురువు. డేటా షీట్ ప్రకారం ప్లేటుకు 250 వోల్టులు, కరెంటు 48 మిల్లీయాంపులు. రెండూ గుణిస్తే 12 వాట్లు, ఆ ప్లేటు మోయగలిగిన గరిష్ఠం కూడా అంతే. పెంటోడ్‌లో ఉండే రెండో గ్రిడ్, అంటే స్క్రీన్ గ్రిడ్‌కు మరో ఐదారు మిల్లీయాంపులు పోతాయి. ఈ మొత్తం క్యాథోడ్ కింద ఉన్న 135 ఓముల రెసిస్టెన్స్ గుండా దిగుతుంది. 270 ఓములవి రెండు పక్కపక్కన కలిపితే సరిగ్గా 135 అవుతుంది. దాని మీద మల్టీమీటరు పెడితే 7 వోల్టుల పైన చూపించాలి. అన్ని వోల్టేజిలూ సరిగ్గా ఉండి కూడా అక్కడ 5 వోల్టులకు లోపే వస్తోందంటే క్యాథోడ్ నీరసించింది. ఈ ఒక్క కొలత పాత వాల్వు గురించి అమ్మేవాడి మాటకన్నా ఎక్కువ చెబుతుంది. చేతిలో ఉన్న పది ఈఎల్84లను ఒకదాని తర్వాత ఒకటి అదే సాకెట్లో పెట్టి, ఐదేసి నిమిషాలు వేడెక్కనిచ్చి, వచ్చిన అంకెను పెట్టె మీద పెన్సిల్‌తో రాసుకుంటే దగ్గరగా ఉన్న జతలు వాటంతటవే తేలుతాయి. కట్టిన సెట్టే టెస్టరైపోతుంది.

ఇంకో కొలత ఇంతకన్నా ముఖ్యం. అవుట్‌పుట్ వాల్వు గ్రిడ్ దగ్గర, అంటే ఈఎల్84లో రెండో పిన్ను దగ్గర, డీసీ వోల్టేజి దాదాపు సున్నా ఉండాలి. పాజిటివ్ వోల్టేజి కనిపిస్తే దొంగలు ఇద్దరే. ఒకటి వాల్వులో వాయువు, రెండోది ముందు స్టేజి నుంచి పాటను దాటనిచ్చి డీసీని ఆపాల్సిన కప్లింగ్ కండెన్సర్ లీకేజి. వాల్వు పీకేసి మళ్లీ కొలవాలి. వోల్టేజి అలాగే ఉంటే కండెన్సర్, పోతే వాల్వు. పాత రేడియోల్లోని మైనం పూసిన కాగితపు కండెన్సర్లు ఇన్నేళ్లకు తేమ పీల్చుకుని దాదాపు అన్నీ లీకవుతాయి, మన కోస్తా ఊళ్లలో అయితే చెప్పనక్కర్లేదు. లీకేజి 10 మైక్రోయాంపులే ఉన్నా 470 కిలోఓముల గ్రిడ్ రెసిస్టెన్స్ మీద 4.7 వోల్టులు నిలుస్తుంది. 7 వోల్టుల బయాస్‌లో చాలావరకు దానికే సరి. ప్లేటు ఎర్రబడుతుంది, వాల్వుతో పాటు దాన్ని స్పీకర్‌కు కలిపే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా కాలుతుంది. పది రూపాయల కండెన్సర్ మార్చకుండా "ముందు పాడుతుందేమో చూద్దాం" అని ప్లగ్గు పెట్టడం వల్ల పోయిన రేడియోలు లెక్కలేనన్ని. మార్చాకైనా నేరుగా ప్లగ్గు పెట్టకుండా 60 వాట్ల పాతకాలపు బల్బు సిరీస్‌లో పెట్టి చూడాలి. బల్బు నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల ఎక్కడో షార్ట్ ఉంది.

ప్రాణాపాయం గురించి మెత్తగా చెప్పడం తప్పు. ఈ సెట్లలో 250 నుంచి 400 వోల్టుల డీసీ ఉంటుంది, ప్లగ్గు తీసేశాక కూడా ఫిల్టర్ కండెన్సర్లలో నిలిచి ఉంటుంది. కొత్తగా కట్టేటప్పుడు ఫిల్టర్‌కు అడ్డంగా 100 కిలోఓములు, 3 వాట్ల రెసిస్టెన్స్ శాశ్వతంగా వేయాలి. 47 మైక్రోఫారడ్ కండెన్సర్ దాని గుండా అర నిమిషంలో దాదాపు ఖాళీ అవుతుంది. అయినా చేయి పెట్టేముందు మీటరుతో చూడాల్సిందే. యూ సిరీస్ వాల్వులున్న ఏసీ/డీసీ రేడియోలు మరీ ప్రమాదం. వాటిలో మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మరే ఉండదు, ఛాసిస్, అంటే లోపలి ఇనుప చట్రం, నేరుగా కరెంటు తీగకు కలిసి ఉంటుంది. ప్లగ్గు తిరగేసి పెడితే ఛాసిస్ మొత్తం ఫేజ్. నాబ్ ఊడిపోయి ఇనుప కడ్డీ బయటికి కనిపిస్తున్న అలాంటి రేడియో పిల్లలున్న ఇంట్లో షోకేసులో ఉండాలి తప్ప ప్లగ్గులో ఉండకూడదు. దాన్ని బాగుచేయాలంటే మెయిన్స్‌తో నేరుగా సంబంధం లేకుండా చేసే ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి.

శబ్దం విషయంలో ఉన్నదున్నట్టు చెప్పుకుంటే, ఈఎల్84 ఒక్కటే ఇచ్చే 5.7 వాట్లు డేటా షీట్లోనే 10 శాతం డిస్టార్షన్ దగ్గర చెప్పిన లెక్క. కొలతల్లో చవకైన ఐసీ కూడా దాన్ని సులువుగా ఓడిస్తుంది. శబ్దం పరిమితి దాటినప్పుడు వాల్వు దాన్ని ఒక్కసారిగా కోసేయకుండా మెల్లగా, గుండ్రంగా అణుస్తుంది, గిటార్ వాయించేవాళ్లు దాన్ని వదలకపోవడానికి కారణం అదే. పాత పాటలకు ఆ స్వభావం నప్పుతుందని చాలామందికి అనిపిస్తుంది, ఆ ఇష్టం నిజమైనదే. కానీ ఒకే రకం వాల్వులో బ్రాండు మారిస్తే పాట మారిపోతుందన్న మాటలకు అంత బలం లేదు. సౌండులో అసలు తేడా తెచ్చే వస్తువు అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్.

8 ఓముల స్పీకర్‌ను 5,200 ఓముల లోడుగా వాల్వుకు చూపించాలంటే ట్రాన్స్‌ఫార్మర్‌లో చుట్ల నిష్పత్తి సుమారు 25.5 ఉండాలి. పైగా ఒకే వాల్వున్న సెట్లో 48 మిల్లీయాంపుల డీసీ ఎప్పుడూ ఆ చుట్ల గుండా పోతుంటుంది. కోర్‌లో చిన్న ఖాళీ వదలకపోతే ఇనుము అయస్కాంతంతో నిండిపోయి బేస్ మాయమవుతుంది. స్టెబిలైజర్లు చుట్టే షాపులో పవర్ ట్రాన్స్‌ఫార్మర్ చక్కగా చుట్టిస్తారు. అవుట్‌పుట్‌దానికి మాత్రం ప్రైమరీ, సెకండరీలను పొరలు పొరలుగా మార్చి చుట్టాలని, పట్టీలన్నీ ఒకే వైపు పేర్చి మధ్యలో కాగితం పెట్టాలని కాగితం మీద గీసి ఇవ్వాలి. ఈ పని తెలిసిన చేతులు వాల్వులకన్నా వేగంగా తగ్గిపోతున్నాయి. అందుకే తుక్కులోకి పోతున్న రేడియో కనిపిస్తే వాల్వులు మాత్రమే పీక్కుని రావడం సగం పనే. స్పీకర్ ఫ్రేముకు బిగించి ఉన్న ఆ చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌నూ ఛాసిస్ మీది పెద్దదాన్నీ తీగలు కత్తిరించకుండా, ఏ రంగు ఎక్కడ కలిసిందో రాసుకుని విప్పుకోవాలి. వాటితో పాటు సాకెట్లు, స్టేషన్లు మార్చే గ్యాంగ్ కండెన్సర్, స్టేషన్ల పేర్లున్న గాజు డయల్ కూడా. పాత సెట్టుకు సరిపోయేవి ఇవాళ కొత్తగా దొరకడం కష్టం.